ఆడవాళ్ళ మాట చెల్లిన సినిమాలు: నా వరసలో ఎనిమిది

మంచి సినిమాల జాబితా అనగానే మన ఇళ్ళల్లో మగవాళ్ళు వేసే లెక్క ఒకటుంటుంది. ఎన్ని ఊళ్ళలో వంద రోజులాడింది, హీరోకి అది ఎన్నో సినిమా, దర్శకుడు ఎవరు. ఆ లెక్క తప్పని నేననను. కానీ మధ్యాహ్నం అంట్లు తోముకుని, చంటిపిల్లని చంకనేసుకుని మ్యాట్నీకి పరుగెత్తిన ఆడవాళ్ళు ఆ సినిమాల్లో ఏం చూశారో, ఇంటికొచ్చి బియ్యం ఏరుకుంటూ ఏం వాదించుకున్నారో ఆ లెక్కలో ఉండదు.

అందుకే నా జాబితాకి నేను వేరే కొలత పెట్టుకున్నాను. సినిమాలో ఆడమనిషి మాట ఎంతవరకు చెల్లింది? ఆమె నోరు తెరిస్తే కథ మలుపు తిరిగిందా, లేక ఎవరో తిప్పిన మలుపులో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిందా? పాటలూ ఫోటోగ్రఫీ ఆ తర్వాతే. ఇలా కొలిచేసరికి వరస తలకిందులైంది. 'మాయాబజార్' ఆరో స్థానానికి దిగిపోయింది. అది చూసి మా ఆయన రెండు పూటలు ముభావంగా ఉన్నారు.

కింది నుంచి పైకి చెప్పుకొస్తాను.

8. వరవిక్రయం (1939)

బి.ఏ. తెలుగు చదివినవాళ్ళెవరికైనా 'కన్యాశుల్కం' కంఠతా వస్తుంది. దాని పక్కన కాళ్ళకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం' నాటకం పెట్టుకుని చదివితే అసలు వింత తెలుస్తుంది. గురజాడ వారి నాటకం తొలిసారి ప్రదర్శించింది 1892లో. అప్పుడు ఆడపిల్లని కొనుక్కునేవాళ్ళు. ఆ తరం గడిచేసరికి అంగడిలో పెళ్ళికొడుకు కూర్చున్నాడు. డబ్బు నడిచే దిక్కు మారింది కానీ, మధ్యలో నలిగే పిల్ల మాత్రం మారలేదు.

ఆ నాటకాన్ని 1939లో సి. పుల్లయ్య గారు సినిమా తీశారు. భానుమతి గారికి అదే మొదటి సినిమా, అప్పటికింకా చిన్నపిల్ల. వేసింది కాళింది వేషం. తన కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకుంటున్నాడని తెలిసి ప్రాణం తీసుకునే పిల్ల ఆ కాళింది. ఇచ్చిన డబ్బు వియ్యంకుడు వెనక్కి ఇవ్వడు. అప్పుడు చెల్లెలు కమల అదే పెళ్ళికొడుకుని చేసుకుంటుంది. చేసుకుని, అత్తారింటికి వెళ్ళనంటుంది. కొన్న సరుకు కొన్నవాళ్ళ ఇంట్లోనే ఉండాలన్నది ఆమె వాదన. ఆ రోజుల్లో ఆ మాటకి హాల్లో ఆడవాళ్ళు ఎలా నవ్వుకుని ఉంటారో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది.

వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో, అంటే ఈ సినిమా వచ్చిన 22 ఏళ్ళకి. ఇప్పుడు మేం మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. కట్నం అనే మాట ఎవరి నోటా రావడం లేదు. "మాకేం వద్దండీ, మీ పిల్లకి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటున్నారు. ఆ 'మీ ఇష్టం' ఎంత బరువో ఆడపిల్లల తల్లులకి వేరే చెప్పక్కర్లేదు.

కమల ఉన్నా ఈ సినిమాని అట్టడుగున ఎందుకు పెట్టానంటే, కాళింది మాట ఆమె పోయాక గానీ ఎవరికీ వినపడలేదు. చచ్చిపోయి నెగ్గించుకున్న మాటని గెలుపు కింద వెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

7. మీనా (1973)

అద్దె పుస్తకాల షాపులు గుర్తున్నాయా? రోజుకింతని లెక్క. అట్ట ఊడిపోయిన నవల వీధంతా తిరిగి మన చేతికొచ్చేసరికి చివరి పేజీ ఉండేది కాదు. యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన. వారపత్రిక వచ్చే రోజు వీధిగుమ్మంలో నిలబడి ఎదురుచూసిన తరం ఒకటుంది. సినిమావాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. కోడూరి వారి 'చక్రభ్రమణం' 'డాక్టర్ చక్రవర్తి' అయింది, 1964లో నంది అవార్డులు మొదలుపెట్టినప్పుడు మొదటి బంగారు నంది దానికే ఇచ్చారు. ఆవిడదే 'ప్రేమనగర్' 1971లో సినిమాగా వచ్చి రామానాయుడు గారిని నిలబెట్టింది. రంగనాయకమ్మ గారి 'బలిపీఠం' 1975లో వచ్చింది.

వీటిల్లో 'మీనా'నే ఎందుకు ఎంచుకున్నానంటే, రాసింది యద్దనపూడి, తీసింది విజయనిర్మల, టైటిలు వేషం కూడా ఆవిడదే. తెలుగులో ఆవిడ దర్శకత్వం వహించిన మొదటి సినిమా అది. మొత్తం 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఆవిడకన్నా ముందు 1953లో భానుమతి గారు 'చండీరాణి'ని మూడు భాషల్లో తీశారు. 1968లో సావిత్రి గారు 'చిన్నారి పాపలు' తీశారు. మనం ఈ ముగ్గుర్నీ నటీమణులుగానే తలుచుకుంటాం, దర్శకులని గబుక్కున నోటికి రాదు.

అమ్మ గీసిన గీటు దాటకుండా పెరిగిన పట్నం పిల్ల పల్లెటూరికి వెళ్ళి, తనకేం కావాలో తెలుసుకోవడం మీనా కథ. 2016లో 'అ ఆ' చూస్తున్నప్పుడు మా తరం ఆడవాళ్ళకి ఆ నవల గుర్తు రాకుండా ఉంటుందా! ఆడమనిషి మాట తెర ముందే కాదు, తెర వెనక కూడా చెల్లింది కాబట్టి దీనికి నా జాబితాలో చోటు. పిల్ల తిరుగుబాటంతా పెళ్ళి ఎవరితోనన్న దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఏడో చోటు.

6. మాయాబజార్ (1957)

ఇప్పుడు నా మీద కోపం వచ్చే చోటు. కె.వి. రెడ్డి గారి తీర్పు, మార్కస్ బార్ట్లే కెమెరా, పింగళి వారి మాటలు, ఎస్వీ రంగారావు గారి ఠీవి, వీటికి సాటి లేదు. 'దుష్టచతుష్టయం', 'అసమదీయులు', 'వీరతాడు' అని మా ఇంట్లో ఇప్పటికీ వాడుకుంటాం. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాం.

కానీ నా కొలతతో చూడండి. వ్యాసభారతంలో శశిరేఖ అనే పిల్లే లేదు. మన వాళ్ళు కల్పించుకున్న కథ ఇది. చిన్నప్పుడే అనుకున్న సంబంధం, పాండవులకి రాజ్యం పోగానే తల్లి రేవతీదేవికి చేదైపోతుంది. ఇలాంటివి మన చుట్టాల్లో ఎన్ని చూడలేదు! శశిరేఖ బతిమాలుతుంది, ఏడుస్తుంది. ఆమె మాట చెల్లదు. ఇక మాయా శశిరేఖ వస్తుంది. గద్దిస్తుంది, ఆటపట్టిస్తుంది, పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుణ్ణి హడలగొడుతుంది. ఇంట్లో అందరూ ఆమె చెప్పినట్టల్లా ఆడతారు. ఆ శశిరేఖ లోపల ఉన్నది ఎవరు? ఘటోత్కచుడు! ఆడపిల్ల నోరు చేసుకోవాలంటే లోపల ఒక మగ రాక్షసుడు దూరాల్సి వచ్చింది.

ఇది నేను సినిమాని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. సావిత్రి గారు ఆ రెండు శశిరేఖలకీ చూపించిన తేడా, నడకలో, కనుబొమ్మల్లో, చెయ్యి తిప్పడంలో, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆడది మగవాడిలా అధికారంగా ప్రవర్తిస్తే ఎలా ఉంటుందో 1957లో మనకి నవ్వుతూ చూపించింది ఆవిడే. అసలు శశిరేఖకి కూడా అందులో కాస్త ఇచ్చి ఉంటే ఇది మొదటి స్థానంలో ఉండేది.

5. గుండమ్మ కథ (1962)

రామారావు గారికి నూరో సినిమా, నాగేశ్వరరావు గారికి తొంభై తొమ్మిదోది. సావిత్రి, జమున, రంగారావు, రమణారెడ్డి. ఇంతమందిని పెట్టుకుని చక్రపాణి గారు సినిమాకి సూర్యకాంతం గారి పాత్ర పేరు పెట్టారు. గయ్యాళి అత్త పేరు మీద ఒక పెద్ద సినిమా! ఆవిడ ప్రభావం ఎంతంటే, మన వైపు ఆడపిల్లలకి సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

గుండమ్మని గయ్యాళి అని తేల్చేసే ముందు ఆవిడ పరిస్థితి చూడాలి. మొగుడు పోయాడు. ఆస్తి ఉంది. దాని మీద ఘంటయ్య లాంటి వాళ్ళ కళ్ళున్నాయి. ఆ కాలంలో ఒంటరి ఆడది ఇంటి పెత్తనం నిలబెట్టుకోవాలంటే గట్టిగా అరవడం తప్ప ఏం చేయగలదు? సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిని చేయడం అన్యాయమే, దాన్ని వెనకేసుకు రాను. కానీ చివర్లో ఛాయాదేవి గారి దుర్గమ్మ వచ్చి గుండమ్మని గదిలో పెట్టి హింసిస్తుంటే, హాల్లో నవ్వులు కాస్త తగ్గేవని మా అమ్మ చెప్పేది. నోరున్న ఆడదాన్ని అణచడానికి ఇంకా పెద్ద నోరున్న ఆడదాన్నే తెచ్చారు చూడండి!

ఈ సినిమాలో నాకు బాగా నచ్చేది పిండి రుబ్బే ఘట్టం. అంత పెద్ద హీరో పనివాడి వేషంలో రుబ్బురోలు ముందు కూర్చుని, ఆడవాళ్ళ లోకం మేల్కొందని పాడుతూ రుబ్బుతాడు. అది వేళాకోళమో మెచ్చుకోలో పింగళి వారికే తెలియాలి. మా అమ్మకి మాత్రం పాట సంగతి పట్టలేదు. "ఎన్టీ రామారావు రుబ్బగా లేనిది, మీ నాన్నకేం వచ్చింది?" అని ఆ వారమంతా అడిగిందట. ఆవిడ జాబితాలో ఇదే మొదటిది.

4. అంతులేని కథ (1976)

బాలచందర్ గారు రెండేళ్ళ ముందు తమిళంలో తీసిన దాన్ని జయప్రదతో తెలుగులో తీశారు. సరిత ఉద్యోగం చేస్తుంది, ఇల్లంతా తింటుంది. తండ్రి ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. రజనీకాంత్ వేసిన అన్నయ్య తాగి తిరుగుతాడు. వదిన, పిల్లలు, విధవరాలైన చెల్లెలు, చూపు లేని తమ్ముడు. ఆమెకి కోపం ఎక్కువ. అందరి మీదా విసుక్కుంటుంది. అప్పటిదాకా మన సినిమాల్లో త్యాగం చేసే ఆడది చిరునవ్వుతో చేసేది. ఈ పిల్ల పళ్ళు కొరుకుతూ చేసింది. అదీ నిజం.

1970లలో ఆఫీసుల్లో టైపిస్టులుగా, గుమాస్తాలుగా, టెలిఫోన్ ఆపరేటర్లుగా చేరిన ఆడపిల్లల్లో ఇలా ఇల్లు మోసిన వాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. సంపాదించే కూతురికి పెళ్ళి చేస్తే జీతం పోతుందని సంబంధాలు దాటవేసిన తల్లిదండ్రుల్ని నేను ఎరుగుదును. పైకెవరూ అనని ఆ మాటని ఈ సినిమా అన్నది. చివరికి సరిత మళ్ళీ అదే బస్సెక్కుతుంది. ఇంట్లో ఆమె మాటే చట్టం, కానీ తన కోసం ఒక్క మాట చెల్లించుకోలేకపోయింది. మా అమ్మాయి దీన్ని మొదటి స్థానంలో పెట్టమంది. "ఇప్పుడు బస్సు బదులు క్యాబ్ అమ్మా, అంతే తేడా" అంటుంది.

3. మిస్టర్ పెళ్ళాం (1993)

బాపు రమణలు మన మీద ప్రేమతో తీసిన సినిమా. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. చెయ్యని తప్పుకి రాజేంద్రప్రసాద్ బ్యాంకు ఉద్యోగం పోతుంది. ఆమని ఉద్యోగానికి వెళ్తుంది, ఆయన ఇల్లు చూసుకుంటాడు. అందరూ ఏవీఎస్ గారి 'తుత్తి' తలుచుకుని నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను.

నవ్వు అయ్యాక మిగిలేది వేరు. ఇంటిపనిని మన సినిమాలు అప్పటికి వందలసార్లు చూపించి ఉంటాయి. ముగ్గు వేస్తున్న చెయ్యి, పొయ్యి దగ్గర చెమట. కానీ ఆ పని ఎంతసేపు పడుతుందో, ఎంత లెక్క ఉంటుందో, ఒక్కరోజు ఆగితే ఏమవుతుందో చూపించలేదు. అది తెలియాలంటే ఆ పనిలో మగవాణ్ణి నిలబెట్టాల్సి వచ్చింది. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావు?" అనే ప్రశ్న నేను ఇరవై ఏళ్ళకి పైగా వింటున్నాను. దానికి జవాబు చెప్పే ఓపిక లేనప్పుడు ఈ సినిమా పెడతాను.

2. దాసి (1988)

బి. నర్సింగరావు గారు తీశారు. అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. అర్చనకి ఉత్తమ నటి, కళాదర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం గారికి. తెలంగాణలో ఓ దొర గడీ, 1920ల కాలం. దొరసాని కాపురానికి వచ్చేటప్పుడు సారెతో పాటు వెంట పంపిన పిల్ల కమలాక్షి. ఆ ప్రాంతంలో అలాంటి వాళ్ళని ఆడబాప అనేవాళ్ళు. ఆమె ఊడుస్తుంది, నీళ్ళు తోడుతుంది, దొర పిలిస్తే వెళ్తుంది. కడుపు వస్తే తీసేయించుకోవాలి.

ఈ సినిమాలో మాటలు చాలా తక్కువ. కమలాక్షివి మరీ తక్కువ. అలాంటప్పుడు 'మాట చెల్లడం' అనే నా కొలత దీనికి ఎలా సరిపోతుంది? సరిపోదు. అందుకే పైన పెట్టాను. మిగతా సినిమాల్లో ఆడవాళ్ళం పెనిమిటితో, అత్తతో, నాన్నతో మాట నెగ్గించుకోవడం గురించి చూశాం. మాట్లాడే హక్కే లేని ఆడది ఉన్న ఇంట్లో, నోరున్న ఆడది దొరసాని అవుతుంది. కమలాక్షికి జరిగే అన్యాయంలో దొరసాని చెయ్యి కూడా ఉంది. వరవిక్రయంలో డబ్బు కట్నం, ఇక్కడ మనిషే కట్నం. రెండు సినిమాలూ చూశాక మా పనమ్మాయితో నేను మాట్లాడే తీరు గురించి ఆలోచించకుండా ఉండలేను.

దీన్ని పండగ పూట కుటుంబమంతా కూర్చుని చూడలేం. ఒంటరిగా ఓ మధ్యాహ్నం చూడండి.

1. మిస్సమ్మ (1955)

మొదట ఈ వేషానికి భానుమతి గారిని తీసుకుని కొంత చిత్రీకరించారు. నిర్మాతలతో తేడా వచ్చి, అది సావిత్రి గారి చేతికి వచ్చింది. ఎల్వీ ప్రసాద్ గారి దర్శకత్వం, చక్రపాణి గారి రచన. 1955 సంక్రాంతి రోజుల్లో విడుదలైంది.

కథ అందరికీ తెలిసిందే. మేరీ బి.ఏ. చదివిన క్రైస్తవ అమ్మాయి. ఇంటి అప్పుంది. అప్పిచ్చిన డేవిడ్ ఆమెని పెళ్ళాడతానని కూర్చున్నాడు. ఉద్యోగం దొరికితే బాకీ తీర్చి పీడ వదిలించుకోవచ్చు. జమీందారు గారి బడిలో మాస్టారు, మాస్టారమ్మ భార్యాభర్తలై ఉండాలన్నారు. సరే, జీతం కోసం భార్యాభర్తల్లా నటిద్దామని ముక్కూమొహం తెలియని రామారావుతో ఒప్పందం చేసుకుంటుంది.

గమనించండి. 1955లో ఒక అమ్మాయి తన అప్పు తానే తీర్చాలనుకుంది. నచ్చని పెళ్ళి తప్పించుకోవడానికి చావు వైపు చూడలేదు, ఉద్యోగం వైపు చూసింది. పరాయి మగవాడితో ఒకే ఇంట్లో ఉంటూ హద్దులు తనే గీసింది. అవి దాటితే కసిరింది. కోపం, అలుక, మొండితనం అన్నీ ఉన్నాయి. ఆ కోపానికి సినిమా ఆమెని శిక్షించలేదు, లెంపకాయలు కొట్టి దారికి తేలేదు. రామారావు సర్దుకుపోతూ, బతిమాలుతూ తిరుగుతాడు. తర్వాత వచ్చిన ఎన్నో సినిమాల్లో పొగరుబోతు హీరోయిన్‌ని హీరో అణచడమే కథ అయిపోయిందని గుర్తు చేసుకుంటే, మిస్సమ్మ ఎంత పెద్దమనిషి తరహా సినిమానో తెలుస్తుంది.

ఇందులో నాకు వెలితి లేదా అంటే ఉంది. చివరికి మేరీ చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. మతం చిక్కు విడిపోయి, అందరికీ సుఖమైన పెళ్ళి జరుగుతుంది. మేరీ మేరీగానే ఉండి అతన్ని చేసుకుని ఉంటే బాగుండేదని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఆ కాలానికి అంత ధైర్యం కుదరలేదేమో. అయినా ఆ చివరి పావుగంట ముందు వరకు నడిపించినది మేరీ మాటే.

మొన్న ఒక సంబంధం వాళ్ళు పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. మా అమ్మాయి మర్యాదగానే, "ఇప్పుడే చూసుకుందామండీ" అంది. ఆ సంబంధం ముందుకు సాగలేదు. మా ఆయన కాస్త నొచ్చుకున్నారు. నాకు మాత్రం మనసులో మేరీ మెదిలింది.

ఇక వరస చూస్తే, ఎనిమిదిలో మూడు సావిత్రి గారివే. వీటిని సంవత్సరాల ప్రకారం పేర్చుకుంటే ఆడవాళ్ళ మాట ఏటికేడు పెరుగుతూ వచ్చినట్టేం కనపడదు. 1955లో మేరీకి ఉన్న చొరవ 1976లో సరితకి లేదు. అందుకే ఏ కాలం మంచిదని నేను తేల్చలేను, ఏ సినిమా దగ్గర ఏ మాట మొదటిసారి విన్నామో మాత్రం చెప్పగలను.

మీ జాబితా నాలాగే ఉండాలని లేదు. 'మల్లీశ్వరి' ఎక్కడని, 'ప్రతిఘటన' ఎందుకు లేదని మీరు అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు, చోటు చాలలేదు. అయితే ఒక్క పని చేయండి. మీ అమ్మగారో అత్తగారో, మేనత్తో ఉంటే, మధ్యాహ్నం కాఫీ పెట్టిచ్చి అడగండి. ఏ సినిమా ఎవరితో వెళ్ళి చూశారు, దేనికి ఇంట్లో గొడవైంది, ఏ పాత్ర చూసి "నా బతుకే ఇది" అనుకున్నారు. వంద రోజుల లెక్కలు పాత పత్రికల్లో దొరుకుతాయి. వాళ్ళు చెప్పేవి మాత్రం వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఓ పుస్తకంలో రాసి పెట్టుకోండి.